మాట రాని నవ్వు

తెలుగు టాకీ పుట్టడానికి పదేళ్ళ ముందే హైదరాబాదులో హాస్యచిత్రాలు తయారయ్యాయంటే నేటి విద్యార్థులకు ఆశ్చర్యం కలుగవచ్చు. వాటిని నిర్మించినవారు ధీరేంద్రనాథ్ గంగూలీ అనే బెంగాలీ చిత్రకారుడు. శాంతినికేతనంలో చదివి, హైదరాబాదులో చిత్రకళ బోధించిన ఆయన, 1921లో కలకత్తాలో విడుదలైన ‘ఇంగ్లండ్ రిటర్న్‌డ్’ అనే మూకీలో నాయకపాత్ర ధరించారు. సీమకు వెళ్ళివచ్చి, స్వదేశపు ఆచారాలన్నీ వెగటైపోయిన యువకుని కథ అది. దొరల పోకడలను, ఛాందసాన్ని కూడా ఆ చిత్రం సమానంగా ఎగతాళి చేసింది.

మరుసటి సంవత్సరం గంగూలీ నిజాం ఆదరణతో హైదరాబాదులో లోటస్ ఫిలిం కంపెనీని స్థాపించారు. నేటి రాయదుర్గం అప్పటికి బండరాళ్ళ నడుమ, నగరానికి దూరంగా ఉన్న పల్లె. ‘ది లేడీ టీచర్’, ‘ది మ్యారేజ్ టానిక్’ వంటి చిత్రాలు ఆ సంస్థవే. ఉర్దూ, తెలుగు, మరాఠీ, కన్నడం మాట్లాడే జనాన్ని ఒక బెంగాలీ ఎట్లా నవ్వించగలిగారు? తెరపై మాట లేదు కనుకనే! నడక, కనుబొమ, వేషం – ఇవే మూకీ నటుని భాష. గంగూలీ మారువేషాలలో దిట్ట. తాను వివిధ వేషాలు ధరించి తీయించుకున్న ఛాయాచిత్రాలతో అంతకు పూర్వమే ఒక గ్రంథం ప్రకటించారు.

1924లో ఆయన ‘రజియా బేగం’ అనే బొంబాయి చిత్రాన్ని నగరంలో ప్రదర్శించారు. ముస్లిం రాణి ప్రణయకథ నిజాంకు ఆగ్రహం కలిగించింది. గంగూలీ రాజ్యం విడిచి వెళ్ళవలసి వచ్చింది. తన హాస్యం వలన కాక, పరుల చిత్రం వలన ఆయన బహిష్కృతులు కావడం విచిత్రమే.

1931లో ‘ఆలం ఆరా’, 1932లో ‘భక్త ప్రహ్లాద’ వచ్చాయి. 1934లో గంగూలీ కూడా ‘ఎక్స్‌క్యూజ్ మీ సర్’ అనే హాస్య టాకీ తీశారు. కాని బెంగాలీ చమత్కారానికి తెలుగువాడు నవ్వడు. తొలి టాకీలలో నటుడు మైకును విడిచి దూరం పోరాదు. ఇక పరుగులు, పల్టీలు ఎక్కడివి? మాట వచ్చి హాస్యానికి ఎల్లలు గీసింది.

అయితే ఆ ఎల్లల లోపల తెలుగు హాస్యానికి సొంత ఇల్లు దొరికింది. మొక్కపాటి నరసింహశాస్త్రి నవల ‘బారిస్టరు పార్వతీశం’ 1940లో చిత్రమైంది. దర్శకులు రఘుపతి సూర్యప్రకాష్ 1921లో ‘భీష్మ ప్రతిజ్ఞ’ అనే మూకీ తీసినవారు. చిత్రకళను నేర్వడానికి స్వయంగా ఇంగ్లండు వెళ్ళివచ్చినవారు. పార్వతీశం పాత్రను లంక సత్యం పోషించారు. పార్వతీశం తెలియక ఆడవారి టోపీ కొన్న ఘట్టాన్ని మూకీ కూడా చూపగలదు. కాని ఆ మొగల్తూరు యువకుడు తన అమాయకత్వాన్ని సమర్థించుకుంటూ చేసే తర్కానికి చెవి కావాలి, తెలుగు రావాలి.