ల్యాప్‌టాప్‌లో ఒక చక్కెర పాన్

మీ ఇంట్లో గాని, పక్కింట్లో గాని ల్యాప్‌టాప్ ఉంటే ఒక పని చెయ్యండి. దానిమీద ఒక సినిమా పెట్టండి. పావుగంట ఆగి, దాని వెనక అంచునో పక్క అంచునో ఉండే సన్నని చీలికల దగ్గర చెయ్యి పెట్టి చూడండి. వెచ్చని గాలి తగులుతుంది. మనం చూస్తున్నది సినిమా. పొయ్యి లేదు, మంట లేదు. మరి ఈ వేడి ఎక్కడిది? అది బయటికి రాకపోతే ఏమవుతుంది?

రెండో ప్రశ్నకు జవాబు నేను బోధన్‌లో మా బంధువుల ఇంట్లో చూశాను. ఎండాకాలం సెలవులు. ఏడేళ్ళ కిందట కొన్న ల్యాప్‌టాప్‌ను మంచంమీది బొంతమీద పెట్టుకుని పిల్లలంతా సినిమా చూస్తున్నారు. ఇరవై నిమిషాలదాకా బాగానే నడిచింది. ఆ తరవాత బొమ్మ ఆగి ఆగి కదలడం మొదలుపెట్టింది. లోపలి ఫ్యాను ఈల వేసినట్టు అరుస్తోంది. "ఇది పాతదైపోయింది బాపూ, దుకాణమాయన కూడా కొత్తది తీసుకొమ్మన్నడు" అన్నాడు పెద్ద పిల్లవాడు. కొత్తదంటే అరవై వేల రూపాయలు. ఆ ఇంట్లో అది చిన్న మొత్తం కాదు. తండ్రి ఏమీ మాట్లాడలేదు.

మూల కుర్చీలో కూర్చున్న తాత మాత్రం, "దానికి ఊపిరాడ్తలేదురా. ముందుగాల ఆ బొంత తియ్యి" అన్నాడు.

బొంత తీసి, ల్యాప్‌టాప్‌ను చెక్కపీటమీద పెట్టారు. పది నిమిషాల్లో సినిమా సాఫీగా నడిచింది. తాతకు కంప్యూటర్ల సంగతి తెలియదు. కాని ఆయన చాలా ఏళ్ళు చక్కెర ఫ్యాక్టరీలో పాన్‌మీద పనిచేశాడు. వేడి సంగతి తెలుసు. ఆయనకు తెలిసినదేమిటో మనకు బోధపడాలంటే, ముందు ఆ యంత్రం ఎంత పని చేస్తున్నదో చూడాలి.

ఇరవై లక్షల చుక్కలు

సినిమాలకు, పాటలకు, ఆటలకు, చదువుకు కలిపి ఇళ్ళలో ఎక్కువగా కొనేది మధ్యరకం సైజు ల్యాప్‌టాప్. దుకాణంలో దాన్ని '15.6 అంగుళాలది' అంటారు. ఇది తెర వెడల్పు కాదు. ఒక మూలనుంచి ఎదుటి మూలకు కొలిచిన కర్ణం. తెర వెడల్పు, ఎత్తు సాధారణంగా 16:9 నిష్పత్తిలో ఉంటాయి. పైథాగరస్ సిద్ధాంతం మీకు తెలిసిందే కదా. లెక్క వేస్తే వెడల్పు సుమారు 34.5 సెంటీమీటర్లు, ఎత్తు 19.4 సెంటీమీటర్లు వస్తాయి. నా మాట నమ్మనక్కరలేదు, స్కేలు పెట్టి కొలవండి.

ఈ తెరమీద సాధారణంగా అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు ఉంటాయి. వీటిని పిక్సెళ్ళు అంటారు. మొత్తం 20,73,600. ఒక్కొక్క చుక్కలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు గడులు. ఒక గడి ఎంత వెలగాలో చెప్పడానికి ఒక బైటు కావాలి. అంటే ఒక్క బొమ్మకు 62 లక్షల బైట్లు. సినిమాలో సెకనుకు 24 బొమ్మలు వస్తాయి కాబట్టి సెకనుకు దాదాపు 15 కోట్ల బైట్లు. రెండున్నర గంటల సినిమాలో 9,000 సెకన్లు. గుణించి చూడండి: సుమారు 1,34,000 కోట్ల బైట్లు! 512 గిగాబైట్ల నిల్వ ఉన్న ల్యాప్‌టాప్‌లో పట్టేది 51,200 కోట్ల బైట్లే. అంటే సగం సినిమా కూడా పట్టదు.

కాని అదే సినిమా రెండు మూడు గిగాబైట్లలో ఇమిడిపోయి మన ఇంటికి వస్తోంది. దాదాపు అయిదారు వందల రెట్లు కుదించాలన్నమాట. ఇదెలా సాధ్యం?

ఇందులో రెండు కిటుకులు ఉన్నాయి. కథానాయకుడు గోడ ముందునుంచి నడిచిపోతున్నాడనుకోండి. గోడ మారదు. కాబట్టి ప్రతిసారీ గోడను పంపకుండా, ముందు బొమ్మకూ ఈ బొమ్మకూ ఉన్న తేడానే పంపితే చాలు. ఇది మొదటిది. రెండోది లెక్కలకు సంబంధించినది. బొమ్మను చిన్న చిన్న చదరాలుగా కోసి, ప్రతి చదరాన్నీ కొన్ని కొసైన్ తరంగాల మొత్తంగా రాస్తారు. అందులో మన కంటికి అంతగా ఆనని తరంగాలను వదిలేస్తారు. త్రికోణమితిలో మీరు నేర్చుకునే ఆ కొసైనే! ఈ పద్ధతిని 1974లో ప్రకటించిన ముగ్గురు నసీర్ అహ్మద్, టి. నటరాజన్, కె. ఆర్. రావు. అహ్మద్ బెంగుళూరులో పుట్టినవాడు. రావు మద్రాసు గిండీ ఇంజనీరింగు కళాశాలలో చదివి, అమెరికాలో టెక్సాసు రాష్ట్రపు ఆర్లింగ్టన్‌లో ఆచార్యుడుగా పనిచేసిన కామిశెట్టి రామమోహనరావు. త్రికోణమితి ఎందుకు పనికొస్తుందని ఎవరైనా అడిగితే ఈ ముగ్గురి పేర్లు చెప్పండి.

ఇలా మడిచిన సినిమాను సెకనుకు 24 సార్లు విప్పాలి. ల్యాప్‌టాప్‌లో ఆ పనికోసమే ప్రత్యేకంగా ఒక వలయం ఉంటుంది. దాన్ని డీకోడర్ అంటారు. అది ఆ ఒక్క పనే చేస్తుంది, చాలా తక్కువ విద్యుత్తుతో చేస్తుంది. అయితే మడిచే పద్ధతులు మారుతూ ఉంటాయి. 2003లో హెచ్.264 వచ్చింది, 2013లో హెచ్.265, 2018లో ఏవీ1. పద్ధతి రాకముందు తయారైన యంత్రంలో దానికి తగిన డీకోడర్ ఉండదు గదా. అప్పుడు ఆ భారమంతా ప్రాసెసర్‌మీద పడుతుంది. బోధన్ ఇంట్లో జరిగింది ఇదే. ఏడేళ్ళ నాటి యంత్రం, కొత్త పద్ధతిలో మడిచిన సినిమా. ప్రాసెసర్ ఎలాగో ఒకలాగు విప్పుతూనే ఉంది, కాని చెమటోడుస్తోంది.

ఇస్త్రీపెట్టెకన్నా వేడి

ప్రాసెసర్ వాడుకునే విద్యుత్తు అంతా చివరికి వేడిగా మారవలసిందే. డీకోడర్ సినిమా నడిపిస్తుంటే ల్యాప్‌టాప్ మొత్తం కలిపి పది వాట్లతో సరిపెట్టుకోగలదు. ప్రాసెసరే పూనుకుంటే, లేదా మీరు పెద్ద ఆట ఏదైనా ఆడుతుంటే, ముప్ఫై నలభై వాట్లు అవుతుంది. ముప్ఫై వాట్లు ఏపాటి అంటారా? మీ ఇంటి ఇస్త్రీపెట్టె 1,000 వాట్లది, దాని అడుగు వైశాల్యం 180 చదరపు సెంటీమీటర్లు అనుకుందాం. చదరపు సెంటీమీటరుకు అయిదున్నర వాట్లు. ప్రాసెసర్ చిప్పు బొటనవేలి గోరంత. ఒకటిన్నర చదరపు సెంటీమీటర్లలో 30 వాట్లంటే, చదరపు సెంటీమీటరుకు 20 వాట్లు. ఇస్త్రీపెట్టెకు దాదాపు నాలుగు రెట్లు!

ఆ వేడిని గోరంత చోటునుంచి వెంటనే లాగి బయట పారేయాలి. అందుకు వాడేది నీరు. అవును, ల్యాప్‌టాప్‌లో నీరు ఉంది. చిప్పును ఆనుకుని ఒక చదునైన రాగి గొట్టం ఉంటుంది. దానిలోని గాలి అంతా తీసేసి, కొద్దిగా నీరు పోసి, రెండు కొసలూ మూసేస్తారు. చిప్పు వేడికి ఈ కొసన నీరు ఆవిరి అవుతుంది. ఆవిరి పరుగున రెండో కొసకు పోతుంది. అక్కడ పల్చని రేకులు, వాటిమీద ఫ్యాను గాలి. ఆవిరి చల్లబడి మళ్ళీ నీరై, గొట్టం లోపలి గోడలకున్న వత్తిలాంటి పొరగుండా వెనక్కి వస్తుంది, దీపం వత్తిలో నూనె పాకినట్టు. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 540 కేలరీలు కావాలని, దాన్నే గుప్తోష్ణం అంటారని భౌతికశాస్త్రంలో చదివారుగా. అన్ని కేలరీలనూ ఆ ఒక్క గ్రాము మోసుకుపోతుంది. 1963లో అమెరికాలోని లాస్ అలమాస్ ప్రయోగశాలలో జార్జ్ గ్రోవర్ ఇలాంటి గొట్టం చేసి చూపించాడు.

గాలి ఎందుకు తీసేయాలి? మామూలు పీడనంలో నీరు 100 డిగ్రీల దగ్గర మరుగుతుంది. అంతదాకా ఆగితే చిప్పు మరీ వేడెక్కిపోతుంది. పీడనం ఎనిమిదో వంతుకు తగ్గితే నీరు 50 డిగ్రీలకే మరుగుతుంది. ఈ మాట తాతకు చెబితే ఆయన నవ్వాడు. ఆయన ఉద్యోగమంతా అదే!

బోధన్ పక్కన శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ 1937లో మొదలైంది. మంజీరమీద కట్టిన నిజాంసాగర్ కాలవల కింద పండిన చెరకు బండ్లకొద్దీ అక్కడికి వచ్చేది. ఒకప్పుడు ఆసియాలోకెల్లా పెద్ద చక్కెర ఫ్యాక్టరీ అని దానికి పేరు. 2015 డిసెంబరులో మూతపడింది. బెల్లం వండేవాళ్ళు చెరకు రసాన్ని తెరిచిన పెనంలో కాస్తారు. చివరికి వేడి 100 డిగ్రీలు దాటిపోతుంది, రంగు ఎర్రబడుతుంది. బెల్లానికి అదే అందం. తెల్లని చక్కెర పలుకులు కావాలంటే అలా కుదరదు. పెద్ద మూసిన పాత్రలో, గాలి లాగేసి, 65, 70 డిగ్రీల దగ్గరే పాకాన్ని మరిగించాలి. దాన్నే పాన్ అంటారు. 19వ శతాబ్ది తొలినాళ్ళలో ఇంగ్లండులో ఎడ్వర్డ్ హోవర్డ్ ఈ పాన్‌ను కనిపెట్టాడు.

పాన్‌లోంచి వచ్చే ఆవిరిని కండెన్సర్‌లో చన్నీళ్ళతో నీరుగా మారుస్తారు. చన్నీళ్ళు తగ్గాయా, ఆవిరి పోవడానికి దారి ఉండదు. లోపల పీడనం పెరుగుతుంది, మరిగే ఉష్ణోగ్రత పెరుగుతుంది, సరుకు రంగు మారుతుంది. కాబట్టి పాన్ వేడెక్కితే తాత ముందు పాన్‌ను అనుమానించేవాడు కాదు. కండెన్సర్ వైపు చూసేవాడు. ల్యాప్‌టాప్‌కు కండెన్సర్ ఆ రేకులూ, ఫ్యానూ. ఫ్యాను గాలి పీల్చే రంధ్రాలు చాలా వాటిలో అడుగు భాగాన ఉంటాయి. బొంత సరిగ్గా వాటినే మూసింది.

వేడి బయటికి పోకపోతే చిప్పు కాలిపోదు. 95, 100 డిగ్రీలు దగ్గరపడగానే తన వేగం తానే తగ్గించుకుంటుంది. దాని పర్యవసానమే ఆగి ఆగి కదిలిన బొమ్మ.

ఎండ చేసే నష్టం ఎంత?

నిజామాబాద్ ఎండ సంగతి మీకు చెప్పాలా? మరి ఎండాకాలమే ల్యాప్‌టాప్‌ను పాడుచేస్తుందా? లెక్క వేద్దాం. వేడి ప్రవాహం ఉష్ణోగ్రతల తేడానుబట్టి ఉంటుంది. చిప్పు 95 డిగ్రీలు, గది 25 డిగ్రీలు అయితే తేడా 70. మే నెలలో గది 42 డిగ్రీలైతే తేడా 53. అంటే చలికాలంలో బయటికి పోయే వేడిలో మూడు వంతులే పోతుంది. 28 వాట్లకు బదులు 21 వాట్లు. అయితే వేగం కూడా పాతిక శాతం పడిపోతుందా? లేదు. వేగం పెంచాలంటే వోల్టేజి కూడా పెంచాలి కాబట్టి, వాట్లు దాదాపుగా వేగపు ఘనాన్నిబట్టి పెరుగుతాయి. తిరగేసి చూస్తే, వాట్లు పాతిక శాతం తగ్గినా వేగం తొమ్మిది శాతమే తగ్గుతుంది. 0.91 ఘనం ఎంతో చూడండి. నేను మొదట ఎండనే తిట్టుకున్నాను. లెక్క వేశాక దోషం బొంతదీ, దుమ్ముదీ అని తేలింది.

ఇంకో మాట. దుకాణంలో అట్టమీద '4.5 గిగాహెర్ట్జ్ దాకా' అని రాసి ఉంటుంది. ఆ 'దాకా'ను వేలు పెట్టి చదవండి. కబడ్డీలో కూతకు వెళ్ళినవాడు ఒక్క ఊపిరిలో ఎంత చురుగ్గా కదులుతాడో, ఆట మొత్తం అలాగే కదలగలడా? ఆ అంకె ఒక్క కూతది. గంటసేపు ఎంత వేగం నిలుస్తుందో చెప్పేది లోపలి రాగి గొట్టాలు, ఫ్యాను. వాటిగురించి అట్టమీద రాయరు. ఒకే ప్రాసెసర్ పేరున్న రెండు ల్యాప్‌టాప్‌లు గంట తరవాత ఒకేలా నడవకపోవడానికి కారణం ఇదే. అందుకని కొనేటప్పుడు దాన్ని తిరగేసి అడుగు రంధ్రాలు చూడండి. కొత్త పద్ధతులకు డీకోడర్ ఉందా అని అడగండి. నలుగురు చూసే తెర కాబట్టి పక్కకు జరిగి నిలబడి రంగులు మారుతున్నాయేమో గమనించండి. ధ్వని విషయంలో ఆశ పెట్టుకోవద్దు: లోతైన శబ్దం రావాలంటే స్పీకరు చాలా గాలిని కదపాలి, రెండు మూడు సెంటీమీటర్ల స్పీకరులో డప్పు మోత అట్టపెట్టె మీద కొట్టినట్టే ఉంటుంది. బ్యాటరీకి చిన్న భాగహారం చాలు. 50 వాట్-గంటలది పది వాట్ల సినిమాకు అయిదు గంటలు వస్తుంది, 40 వాట్ల ఆటకు గంటంపావు.

మీరు చేయగల ప్రయోగం ఒకటి ఉంది. ఒకే ఆటను గాని, ఒకే సినిమాను గాని అరగంట చొప్పున చెక్కపీటమీద ఒకసారి, పీటమీద నాలుగు సీసా మూతలు పెట్టి వాటిమీద ఎత్తుగా మరోసారి నడిపించండి. ఫ్యాను గట్టిగా అరవడం ఎన్నో నిమిషంలో మొదలైందో రెండుసార్లూ రాసుకోండి. బొంతమీద మాత్రం పెట్టకండి. ఆ ప్రయోగం ఒకరు చేసేశారు.

తరవాత ఆ ల్యాప్‌టాప్‌ను మరమ్మతు తెలిసినవాడిచేత విప్పించారు. ఫ్యానుకూ రేకులకూ నడుమ దుమ్ము దూదిలా పేరుకుని ఉంది. దాన్ని తీసేశాక ఫ్యాను అరుపు తగ్గింది. కొత్తది కొనలేదు. విప్పినప్పుడు తాత దగ్గరికి వచ్చి, ఆ రాగి గొట్టాన్ని తేరిపార చూసి, "ఇందులకు నీళ్ళెవరు పోస్తరు?" అని అడిగాడు. ఎవరూ పోయరని, తయారైననాడు మూసిన ఆ కొద్ది నీరే ఏడేళ్ళుగా అటూ ఇటూ తిరుగుతోందని చెప్పాను.

"మా పాన్‌కు మస్తు నీళ్ళు గావాలె" అన్నాడు తాత.