ఆట నేర్పువారి భారము



అరకు లోయలోను, పాడేరు కొండలలోను ఆశ్రమ పాఠశాలల మైదానములలో మన పిల్లలు కబడ్డీ, ఖోఖో, వాలీబాలు ఆడుచుందురు. వారికి ఆట నేర్పు ఉపాధ్యాయుని చేతిలోని ఈల మనకు కనబడును గాని, మనస్సులోని బరువు కనబడదు. దానిని గూర్చి ఈ నెల ఆలోచింతము.

మొదటిది, ఏర్పరచు భారము. కబడ్డీ జట్టుకు 12 మంది చాలును. సాధనకు 30 మంది వచ్చినయెడల, 18 మందికి "ఈసారి నీవు లేవు" అని చెప్పవలెను. ఆ మాట విని చిన్నబోయిన బిడ్డ మరునాడు మైదానమునకు వచ్చునో రాదో అని ఉపాధ్యాయుడు ఎదురుచూచును.

రెండవది, పరుల బిడ్డలను గూర్చిన భయము. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు లంబాడీ బాలిక మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా ఆనంద్ కుమార్, ఇరువురును 2014 మే 25న ఎవరెస్టు శిఖరమెక్కిరి. పూర్ణకు అప్పుడు 13 ఏండ్ల 11 నెలలు. వీరు సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులు. శేఖర్ బాబు వారికి శిక్షకుడు. భువనగిరి గుట్టమీద వారితోకూడ సాధన చేసినవారు అనేకులు, తుదకు వెళ్లినవారు ఇద్దరే. ఆ ఏప్రిల్ 18ననే నేపాలు వైపున మంచు విరిగిపడి 16 మంది మరణించియుండిరి. వీరు టిబెట్టు వైపునుండి ఎక్కినను, పరుల బిడ్డలను అట్టి కొండకు పంపినవారికి నిద్ర ఎట్లు పట్టును?

మూడవది, ఓటమి. ఓడిన జట్టు బస్సులో తలవంచుకొని కూర్చుండగా, ఉపాధ్యాయుడు తన దుఃఖమును దిగమ్రింగి పిల్లలను ఓదార్చవలెను. ఆయనను ఓదార్చువారెవరు?

మార్కును పౌలు వెంటబెట్టుకొని పోనొల్లనప్పుడు బర్నబా అతని చేయి విడువలేదు. తరువాత ఆ మార్కే పౌలునకు ప్రయోజకుడాయెను. విడువబడిన బిడ్డను విడువకుండుటయే నేర్పువారి పనిలో కష్టమైన భాగము.

కాబట్టి తలిదండ్రులారా, బిడ్డ ఇంటికి రాగానే "గెలిచితిరా?" అని గాక "ఎట్లు ఆడితివి?" అని అడుగుడి. జట్టులో చోటు దొరకనప్పుడు పక్షపాతమని సంతలో చాటింపక, కారణమును ఉపాధ్యాయునినే నెమ్మదిగా అడుగుడి. ఆట ఓడిన వారములో ఆయనను ఇంటికి పిలిచి, మన తోట కాఫీ ఇచ్చి, ఆయన చెప్పుకొనునది వినుడి.