ముస్తఫా డబ్బా తెరిచే ముందు

శ్రీకాకుళం,
ఘంటసాల మండలం, కృష్ణా జిల్లా.

అమ్ములూ,

నీ ఉత్తరమూ ఫొటోలూ అందాయి. బందరులో మూతపడ్డ వీడియో గేమ్స్ షాపు గోడౌన్ నుంచి నువ్వు కొనుక్కున్న గేమ్ డబ్బాని కళ్లజోడు పెట్టుకుని మరీ చూశాను. మీ అమ్మ ఫోన్ చేసి పాత సామాను ఇంటికి తెచ్చిందని బాధపడింది. ఆ బెంగ నాకు వదిలెయ్యి, నేను చెబుతాను. చదువుకున్న ఎలక్ట్రానిక్స్ చేతికి రావాలంటే ఇంతకంటే మంచి వస్తువు నీకు దొరకదు.

ఏం చదవాలి, విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయి అని అడిగావు. ఆ రెండూ చెబుతాను. ఎవరి దగ్గర నేర్చుకోవాలన్నది మాత్రం నువ్వు అడగలేదు. నాకు అన్నిటికంటే అదే ముఖ్యం.

ముందు ప్లగ్గు మాత్రం పెట్టకు. పిక్చర్ ట్యూబు వెనక లావుపాటి వైరు, దాని చివర రబ్బరు టోపీ కనిపిస్తున్నాయి కదా, పనిచేసేటప్పుడు ఆ టోపీ కింద ఇరవై వేల వోల్టులకు పైనే ఉంటుంది. స్విచ్ ఆపేశాక కూడా ట్యూబులో కొంత నిలవ ఉండిపోతుంది. పొడవాటి పిడి ఉన్న స్క్రూడ్రైవరుకి ఒక వైరు కట్టి, ఆ వైరు రెండో కొస ట్యూబు చుట్టూ ఉండే ఎర్తింగ్ అల్లికకి తగిలించి, అప్పుడు స్క్రూడ్రైవరు మొనని టోపీ కిందకి పోనివ్వాలి. ఒక చెయ్యి వీపు వెనక్కి పెట్టుకోవాలి. కాళ్లకి చెప్పులు ఉండాలి. ట్యూబు మెడ సన్నటి గాజు, లోపల గాలి ఉండదు, అక్కడ ఏదీ తగలనివ్వకు. ఇది మొదటిసారి ఒంటరిగా చెయ్యొద్దు, నేనో ఇంకో తెలిసినవాడో పక్కన ఉండాలి.

నీ మూడో ఫొటో చూడగానే తెలిసింది, అది కంపెనీ గేమ్ మానిటర్ కాదు, కలర్ టీవీ ఛాసిస్. అప్పట్లో మన వైపు షాపులకి టీవీ మెకానిక్కులం మేము చేసిచ్చినవి చాలావరకు అలాంటివే. వడ్రంగి ప్లైవుడ్‌తో డబ్బా కట్టి సన్‌మైకా అంటించేవాడు. మేము పాత టీవీలో ట్యూనరుని పక్కన పెట్టి, గేమ్ బోర్డు నుంచి వచ్చే ఎరుపు, ఆకుపచ్చ, నీలం సిగ్నళ్లని, సింక్‌ని నేరుగా ఇచ్చేవాళ్లం. మన టీవీ సెకనుకి 15,625 గీతలు గీస్తుంది. గేమ్ బోర్డుదీ ఇంచుమించు అంతే కాబట్టి పని జరిగిపోయేది. కాకపోతే టీవీ సెకనుకి 50 సార్లు తెర నింపితే బోర్డు 60 సార్లు పంపుతుంది. అందుకని బొమ్మ కిందికీ పైకీ దొర్లేది. వి-హోల్డ్ తిప్పి, హైట్ సరిచేసి నిలబెట్టేవాళ్లం.

ఇందులో ఒక ప్రమాదం ఉంది. చాలా టీవీల్లో ఛాసిస్ గ్రౌండు కరెంటు లైనుకి నేరుగా తగిలి ఉంటుంది. దానికి గేమ్ బోర్డు గ్రౌండు కలిపితే కాయిన్ వేసే తలుపు దగ్గర చెయ్యి పెట్టినవాడికి షాక్ కొడుతుంది. మధ్యలో ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండి తీరాలి. డబ్బా అడుగున బరువైన ఇనప దిమ్మ లాంటిది బిగించి ఉందేమో వెతుకు. లేకపోతే ముందు అది కొనాలి, బటన్లూ జాయ్‌స్టిక్కూ తర్వాత.

ఇక ఆట సంగతి. ముందు అద్దం మీద మిగిలిన బొమ్మని బట్టి అది ముస్తఫా. ఊళ్లో పిల్లలంతా అలాగే అనేవాళ్లు. అసలు పేరు కాడిలాక్స్ అండ్ డైనోసార్స్, 1993లో జపాన్ కంపెనీ క్యాప్‌కామ్ విడుదల చేసింది. మార్క్ షుల్ట్జ్ గీసిన కామిక్ ఆధారం. ఆడటానికి నలుగురు మనుషులుంటే మనవాళ్లు ముస్తఫానే పట్టుకున్నారు, పరిగెత్తుకుంటూ వచ్చి తన్నే వాడి దెబ్బ కోసం. ఆ రోజుల్లో ఈ ఆట ఇళ్లల్లో టీవీకి తగిలించే ఏ గేమ్ పెట్టెకీ రాలేదు. ఆడాలంటే షాపుకి రావాల్సిందే. బడి వదిలే వేళకి రూపాయి బిళ్లలు చేత్తో పట్టుకుని నిలబడ్డ పిల్లల్ని నేను రిపేరుకి వెళ్లినప్పుడల్లా చూసేవాణ్ణి. చదువు పాడవుతుందని పెద్దవాళ్లు తిట్టేవాళ్లు. ఒకే తెర ముందు ముక్కూ మొహం తెలియని పిల్లలు కలిసి ఆడటం నాకు మాత్రం ముచ్చటగా ఉండేది.

బోర్డు చివర ఇత్తడి రంగు పళ్ల వరస ఉంటుంది. పక్కకి 28 చొప్పున రెండు పక్కలా 56. దాన్ని జామా అంటారు, 1985లో జపాన్ వాళ్లు పెట్టుకున్న ప్రమాణం. దానివల్లే ఒక ఆట బోర్డు తీసి ఇంకో ఆట బోర్డు గుచ్చితే అదే డబ్బాలో అదే వైరింగుతో నడుస్తుంది. మన సముద్రపు గాలికి ఆ పళ్లు ముందు పాడవుతాయి, పచ్చటి చిలుము పడుతుంది. పెన్సిలు రబ్బరుతో మెల్లగా రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడువు. ఉప్పుకాగితం పెట్టావంటే పూత మొత్తం ఊడొస్తుంది.

బోర్డులో కొన్ని ఐసీల నెత్తిన చిన్న గాజు కిటికీ ఉంటుంది, దాని మీద చీటీ అంటించి ఉంటుంది. ఆట ప్రోగ్రాము ఉండేది వాటిల్లోనే. ఆ చీటీ పీకకు. వెలుతురు తగిలితే లోపల రాసినది నెమ్మదిగా చెరిగిపోతుంది. మీ కాలేజీ ల్యాబులో ఈప్రామ్ ప్రోగ్రామర్ ఉంటే ఒక్కొక్క ఐసీని చదివి నకలు దాచుకో. ఎండకి కాగే గోడౌన్‌లో ఇన్నేళ్లు పడి ఉన్న వస్తువు, రేపు ఏ ఐసీ మతి పోగొట్టుకుంటుందో తెలియదు. ఇంకొకటి. అసలు క్యాప్‌కామ్ బోర్డయితే లోపల చిన్న బ్యాటరీ ఉంటుంది. సౌండు ప్రోగ్రాముకి వేసిన తాళం తాలూకు చెవి ఆ బ్యాటరీ ఆసరాతోనే నిలిచి ఉంటుంది. తొందరపడి దాన్ని ఊడదీస్తే బోర్డు పనికిరాకుండా పోతుంది. మన షాపులకి వచ్చినవి ఎక్కువగా కాపీ బోర్డులు కాబట్టి నీదాంట్లో బ్యాటరీ లేకపోయినా దిగులుపడకు.

చదువుకోవడానికి మొదటి చోటు మేమ్ (MAME) అనే ఎమ్యులేటర్. 1997లో ఇటలీలో నికోలా సాల్మోరియా మొదలుపెట్టాడు. చాలామంది దాన్ని కంప్యూటర్లో ఊరికే ఆడుకునే సాఫ్ట్‌వేర్ అనుకుంటారు. అది రాసినవాళ్ల ఉద్దేశం ఏ బోర్డులో ఏ చిప్పు ఏం చేస్తుందో చెరిగిపోకుండా నమోదు చేయడం. 2016 నుంచి దాని సోర్స్ కోడ్ ఎవరైనా వాడుకునేలా పెట్టారు. నీ ఐసీల్లోంచి తీసిన నకలు సరిగ్గా వచ్చిందో లేదో అందులోని చెక్‌సమ్ లెక్కతో పోల్చి చూసుకోవచ్చు. ఆటల హక్కులు మాత్రం కంపెనీలవి, నీ బోర్డులోంచి నువ్వు తీసుకున్న నకలుతోనే పని చేసుకో. పాత మెషీన్ల మాన్యువళ్లు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో బోలెడు ఉన్నాయి. ఏ మాన్యువల్ తెరిచినా ముందు సర్క్యూట్ బొమ్మ, తర్వాత సెట్టింగుల స్విచ్చుల పట్టిక చూడు. మాటలు చివరికి చదవొచ్చు.

విడిభాగాలకి హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీ, చెన్నైలో రిచీ స్ట్రీట్. కెపాసిటర్లు, ఎస్‌ఎంపీఎస్, కనెక్టర్లు రెండు చోట్లా దొరుకుతాయి. ఏదైనా పార్సిలు ఇక్కడికి పంపించేటప్పుడు మండలం పేరూ పిన్‌కోడూ రాయించు, లేకపోతే ఉత్తరాంధ్ర శ్రీకాకుళానికి వెళ్లిపోతుంది. ఆంధ్ర మహావిష్ణువు గుడి ఉన్న ఊరని గుర్తు చెబితే కొరియర్ కుర్రాళ్లకి చాలడం లేదు.

పిన్‌బాల్ గురించీ అడిగావు. ఆ మెషీన్లు మన వైపు పల్లెల దాకా రాలేదు. వాటి తాత మాత్రం మన ఇంట్లో ఉండేది. మీ నాన్న చిన్నప్పుడు ఆడిన బగటెల్ బోర్డు, మేకుల మధ్య గోళీ దొర్లే చెక్క. స్ప్రింగు లాగి గోళీని కొట్టే ఏర్పాటుకి 1871లో అమెరికాలో మాంటేగ్ రెడ్‌గ్రేవ్ పేటెంట్ తీసుకున్నాడు. బంతిని తిరిగి పైకి కొట్టే ఫ్లిప్పర్లు 1947లో గాట్లీబ్ కంపెనీ వాళ్ల హంప్టీ డంప్టీతో వచ్చాయి. అప్పటిదాకా దాన్ని అదృష్టం ఆటగానే చూశారు. న్యూయార్క్ నగరం 1942లో జూదమని నిషేధించి, మెషీన్లని సుత్తులతో పగలగొట్టించింది. 1976లో రోజర్ షార్ప్ అనే కుర్రవాడు నగర సభ ముందు ఆడి, బంతి ఏ దారిన పోతుందో ముందే చెప్పి కొట్టి చూపించాడు. ఇది చేతి నేర్పుతో ఆడే ఆటే అని ఒప్పుకుని నిషేధం ఎత్తేశారు. నాకు ఈ కథ ఎంత ఇష్టమో చెప్పలేను.

నీకు పనికొచ్చేది ఫ్లిప్పర్ లోపలి పనితనం. అందులో కాయిల్‌కి రెండు చుట్లు ఉంటాయి. లావు తీగది గట్టిగా లాగుతుంది, సన్న తీగది పట్టి ఉంచుతుంది. ఫ్లిప్పర్ పూర్తిగా లేవగానే చివర ఒక చిన్న స్విచ్ తెరుచుకుని లావు చుట్టుకి కరెంటు ఆపుతుంది. ఆ స్విచ్ నల్లబడి అతుక్కుంటే బటన్ నొక్కి పట్టినంతసేపూ లావు చుట్టులోంచి కరెంటు పోయి కాయిల్ మాడిపోతుంది. కాంటాక్టులు అతుక్కుంటే ఏమవుతుందో రిలే అయినా కాంటాక్టరైనా మన మోటారు స్టార్టరైనా ఇదే పాఠం చెబుతుంది. ఇంటర్నెట్ పిన్‌బాల్ డేటాబేస్ అని ఉంది, అందులో వేల మెషీన్ల వివరాలున్నాయి, చాలావాటికి సర్క్యూట్లు కూడా. మీ అన్నయ్య చికాగో దగ్గర ఉన్నాడు కదా, గాట్లీబ్, బాలీ, విలియమ్స్ అన్నీ ఆ ఊరివే. దగ్గర్లో బ్రూక్‌ఫీల్డ్‌లో గ్యాలపింగ్ ఘోస్ట్ ఆర్కేడ్ ఉంది, ప్రవేశ రుసుము కడితే రోజంతా ఆడుకోవచ్చు. వాణ్ణి వెళ్లి నాలుగు ఫొటోలు తీసి నీకు పంపమను.

ఇప్పుడు నేను చెప్పదలచుకున్న అసలు సంగతి. చికాగో మెషీన్‌కీ జపాన్ బోర్డుకీ కాగితాలున్నాయి. బందరు వడ్రంగి కట్టిన డబ్బాకి, చల్లపల్లి మెకానిక్కు మార్చిన టీవీ ఛాసిస్‌కి ఏ కాగితమూ లేదు. ఆ పని తెలివి మనుషుల చేతుల్లోనే ఉంది. గుడివాడ, అవనిగడ్డ, బందరుల్లో ఈసీ, డయనోరా, సాలిడేర్ టీవీలు బాగుచేసి పిల్లల్ని చదివించుకున్నవాళ్లు కొందరే మిగిలారు. కొందరి షాపుల్లో ఇప్పుడు మొబైల్ కవర్లు వేలాడుతున్నాయి. పిక్చర్ ట్యూబుల తయారీ మన దేశంలో ఆగిపోయి చాలా ఏళ్లయింది. ట్యూబు పోతే తెచ్చుకునే చోటు లేదు కాబట్టి, ఉన్నదాన్ని బతికించడం తెలిసినవాళ్లే దిక్కు. వాళ్ల దగ్గరికి ఇప్పుడే వెళ్లాలి, వచ్చే ఏడాది కాదు.

వాళ్ల దగ్గర నేర్చుకునేవాటికి ఒక ఉదాహరణ సీరీస్ బల్బు. ఏ పుస్తకం తెరిచినా ముందు మల్టీమీటరు అంటుంది. మేము ముందు 100 వాట్ల బల్బుని లైనులో సీరీస్‌గా పెట్టి, దాని గుండా సెట్టుకి కరెంటు ఇచ్చేవాళ్లం. బల్బు ఒక్కసారి మెరిసి మసకబారితే సెట్టు కెపాసిటర్లు నింపుకుంది, బాగానే ఉంది. నిండుగా వెలిగి అలాగే ఉండిపోతే లోపల ఎక్కడో షార్టు. మసకబారి, మళ్లీ మెల్లగా ఎక్కుతూ పోతే లైన్ అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ అనే ఎల్‌ఓటీ వైపు చూడాలి. షార్టు ఉన్నా ట్రాన్సిస్టరు పేలదు, ఫ్యూజు పోదు, భారమంతా బల్బే మోస్తుంది. వెలుగు చూసి లోపం ఏ మూల ఉందో చెప్పే మెకానిక్కు చల్లపల్లిలో ఇంకా ఉన్నాడు. నీకు పరిచయం చేస్తాను. డ్రై సోల్డర్ ఎక్కడుందో ప్లాస్టిక్ పిడితో బోర్డుని తట్టి కనిపెడతాడు.

వాళ్ల దగ్గరికి వెళ్లినప్పుడు నోటు పుస్తకం తీసుకెళ్లు. ఏ రంగు వైరు ఎక్కడికి పోయింది, ఏ ఛాసిస్‌లో ఎక్కడ కోసి ఆర్‌జీబీ ఇచ్చారు, కాయిన్ స్విచ్ దేనితో చేశారు, షాపు ఏ ఊళ్లో ఏ వీధిలో ఉండేది, అన్నీ రాయి. మాట్లాడనిస్తే ఫోన్లో రికార్డు చెయ్యి. తర్వాత మన భాషలోనే శుభ్రంగా రాసిపెట్టు, సర్క్యూట్ గీసి మరీ. తెలుగులో ఇలాంటిది నాకు కనిపించలేదు. నువ్వు రాస్తే ఇంకో ఊళ్లో ఇంకో అమ్మాయికి పనికొస్తుంది.

నేను సంక్రాంతికి వచ్చేలోపు డబ్బాని పొడిగా ఉన్న చోట, గోడకి జానెడు ఎడంగా పెట్టు. అడుగున చెదలున్నాయేమో, ఎలుకలు వైర్లు కొరికాయేమో టార్చి వేసి చూడు. ఏదీ ఊడదీయకముందే అన్ని వైపులా ఫొటోలు తియ్యి. పిక్చర్ ట్యూబు మీద అంటించిన చీటీ ఫొటో నంబరు చదవగలిగేలా తీసి ముందు నాకు పంపు. ఆ నంబరు చూస్తే దానికి సరిపడే ట్యూబు బేసు, ఎల్‌ఓటీ మా పాత డబ్బాల్లో ఉన్నాయో లేదో వెతికి పెడతాను. ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ దొరక్కపోతే విజయవాడలో చుట్టించుకోవచ్చు, ఎన్ని వాట్లది కావాలో ఛాసిస్ చూశాక చెబుతాను.

ఇట్లు,
మీ తాతయ్య