ముందు ఊరు తేల్చుకో, తర్వాత ఇల్లు

తిరుత్తణి

చిరంజీవి అల్లుడికి,  

నీ ఉత్తరం అందింది. డాలస్‌లో ఇల్లు కొనమంటావా, లేక ఆ డబ్బుతో తిరువళ్ళూరు పక్కన స్థలం కొని వచ్చేయమంటావా అని అడిగావు. రెండు ప్రశ్నల్ని కలిపి ఒక ముడి వేశావు నాయనా. ఎక్కడ బతకాలన్నది ఒకటి, ఎక్కడ ఆస్తి కొనాలన్నది ఇంకొకటి. మొదటిది తేలకుండా రెండోది ముట్టుకోకూడదు. సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు దగ్గర దస్తావేజులు రాసి బతికినవాణ్ణి. ఫారిన్‌లో ఉన్న పిల్లల పేర ఎన్నో రాశాను. ఇల్లు కొన్నాం గనక అక్కడే చిక్కుకుపోయినవాళ్లూ తెలుసు, స్థలం కొన్నాం గనక తొందరపడి వచ్చేసినవాళ్లూ తెలుసు. అందుకే లెక్క మొదటినుంచీ చెబుతాను, కాగితం దగ్గర పెట్టుకో.

ఉదాహరణకు ఇంటి ధర 4,50,000 డాలర్లనుకో. అయిదో వంతు చేతినుంచి కట్టి, మిగతా 3,60,000 ఆరున్నర శాతం వడ్డీకి ముప్పై ఏళ్ల అప్పు తీసుకుంటే నెలకు సుమారు 2,275 డాలర్ల కంతు. మొదటి నెల కంతులో 1,950 వడ్డీకే పోతుంది, అసలు తగ్గేది 325. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదని సంతోషిస్తారు గానీ ఇంటి పన్ను గట్టిగానే ఉంటుంది. రెండు శాతం వేసుకున్నా నెలకు 750. దాని మీద ఇన్సూరెన్సు, రిపేర్లు. అమ్మేటప్పుడు ఏజెంట్ల కమిషను, ఖర్చులు. ఇవన్నీ రాసి, అలాంటి ఇంటికే ఇప్పుడు ఎంత అద్దె కడతారో పక్కన వేసుకో. నాలుగైదేళ్లలో కదిలే మనిషికి సొంతిల్లు లాభం కావడం కష్టమని నీకే తెలుస్తుంది. పదేళ్లు పైన ఉండే మనిషికి లెక్క తిరగబడవచ్చు. కాబట్టి ఎన్నాళ్లుంటానన్నది తేలకపోతే ధర తెలిసినా ప్రయోజనం లేదు.

ఆ ఎన్నాళ్లన్నది నీ చేతిలో ఎంత ఉంది? హెచ్‌-1బి వీసా మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే దొరికే గడువు గరిష్ఠంగా 60 రోజులు. అంతలో ఇల్లు మంచి ధరకు అమ్ముడుపోవాలని రూలేమీ లేదు. ఉద్యోగాల కోటాలో గ్రీన్‌కార్డులు ఏడాదికి సుమారు 1,40,000. వాటిలో ఏ ఒక్క దేశానికీ ఏడు శాతం మించకూడదన్నది అక్కడి చట్టం. అందుకే మనవాళ్ల వరుస ఏళ్లకేళ్లు సాగుతోంది. ఆలోగా పిల్లలకు 21 ఏళ్లు నిండితే తల్లిదండ్రుల వీసా నీడ పోతుంది. ఇవి భయపెట్టడానికి రాయడం లేదు. ముప్పై ఏళ్ల అప్పు మీద సంతకం పెట్టేవాడు ఆ దేశంలో తనకు ఎన్నేళ్ల భరోసా ఉందో చూసుకోవాలి కదా!

ఇక ఇటువైపు. మీరు చేసే పొరపాటు ఒకటే, డాలరు జీతంతో ఇక్కడి ధరను కొలవడం. అలా చూస్తే ఏ ఫ్లాటైనా చవకే. వచ్చేశాక నీ జీతం రూపాయల్లో. కాబట్టి ఇక్కడి ఇంటి ధరను ఇక్కడ నీకొచ్చే జీతంతో భాగించి, అది ఎన్నేళ్ల జీతమో చూడు. అక్కడి ఇంటినీ అక్కడి జీతంతో అలాగే చూడు. కొని అద్దెకిస్తే కంతు అదే తీరుతుందనుకోకు. 80 లక్షల ఫ్లాటుకు నెలకు 20,000 అద్దె వస్తే ఏడాదికి మూడు శాతం. అప్పు వడ్డీ దానికి రెండింతలు దాటుతుంది.

స్థలం సంగతి నా చేతి పని. ఎన్నారైగా నువ్వు ఇల్లు, ఇంటి స్థలం, దుకాణం కొనొచ్చు. వ్యవసాయ భూమి, తోట, ఫామ్‌హౌస్ కొనకూడదు. వారసత్వంగా వస్తే వేరు. తిరువళ్ళూరు చుట్టుపక్కల సున్నం పూసిన రాళ్లు పాతి ప్లాట్లని చూపించే పొలాలు చాలా ఉన్నాయి. రాయి చూసి మోసపోకు, పట్టా చూడు. సర్వే నంబరు, సబ్‌డివిజను, భూమి రకం ఏమని ఉందో చదువు. నంజ (మాగాణి), పుంజ (మెట్ట) అని ఉండి లేఔటుకు నగర ప్రణాళిక శాఖ (డీటీసీపీ) అనుమతి లేకపోతే ఆగు. చెరువు, కాలువ, పోరంబోకు అని ఉంటే అక్కడే వెనక్కి తిరుగు. అనుమతి లేని ప్లాట్ల రిజిస్ట్రేషన్‌కు 2016లో మద్రాసు హైకోర్టు అడ్డుకట్ట వేసినప్పుడు ఎందరి డబ్బు ఇరుక్కుందో నాకు తెలుసు. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) ముప్పై ఏళ్లకు తగ్గకుండా తీయించు. మన తిరుత్తణి 1960 ఏప్రిల్ 1 దాకా చిత్తూరు జిల్లాలోది గనక పాత మూల దస్తావేజుల్లో తెలుగులో రాసినవీ కనిపిస్తాయి. చదవగలిగేవాడికి చూపించు.

ఖర్చులో స్టాంపు డ్యూటీ ఏడు శాతం, రిజిస్ట్రేషను ఫీజు రెండు శాతం కలుపుకో. నీ బదులు ఎవరైనా సంతకం పెట్టాలంటే జనరల్ పవర్ ఇవ్వకు. ఆ ఒక్క ఆస్తికి, ఆ ఒక్క పనికి సరిపడే పవర్ రాసి కాన్సులేటులో ధ్రువీకరణ చేయించి పంపు. అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లో స్టాంపు వేయించాలి. నాకే ఇచ్చినా ఇలాగే ఇవ్వు. చుట్టరికం వేరు, దస్తావేజు వేరు.

వచ్చేయడమంటే ఎక్కడికన్నది కూడా తేల్చుకోవాలి. మన ఊళ్లో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు 1936 నుంచి 1952 దాకా ఆక్స్‌ఫర్డులో ఆచార్యులు. ఆ రోజుల్లోనే ఇక్కడి పనులూ చూశారు, 1939లో కాశీ హిందూ విశ్వవిద్యాలయం ఉపకులపతి అయ్యారు. రాష్ట్రపతి పదవి 1967లో ముగిశాక ఆయన ఉన్నది మద్రాసు మైలాపూరులో, తిరుత్తణిలో కాదు. పుట్టిన ఊరికి రాలేదని ఆయన్ను ఎవరూ తప్పుపట్టలేదు. నీ పని చెన్నై ఓఎమ్మార్ సాఫ్ట్‌వేర్ కంపెనీలో అయితే తిరువళ్ళూరు ఇల్లు రోజూ కష్టమే. లోకల్ ట్రైనులో చెన్నై సెంట్రల్ చేరి, అక్కడినుంచి నగరానికి ఆ చివరికి పోవాలి. శ్రీపెరంబుదూరు, ఒరగడం ఫ్యాక్టరీల్లో పనైతే వేరే మాట.

మీ పాప చదువు కూడా ఇప్పుడే చూడు. 2006 చట్టం ప్రకారం తమిళనాడులో పదో తరగతి దాకా తమిళం నేర్చుకోవాలి. చిన్నప్పుడే వస్తే మన వీధి పిల్లలతో ఆడుకుంటూ తెలుగూ తమిళమూ రెండూ నేర్చుకుంటుంది. ఎనిమిదో తరగతిలో తెచ్చి కూర్చోబెడితే ఆ బిడ్డ నలిగిపోతుంది. ఇంటి ధర రేపు తగ్గొచ్చు, పెరగొచ్చు. పాప వయసు మాత్రం ఆగదు.

మీ అమ్మ మాట అడిగావు. ఆమెకు ఇక్కడ ఇల్లుంది. తిరువళ్ళూరులో నువ్వు కట్టే మేడలోకి ఆమె మారదు. వెల్లూరుకో చెన్నైకో ఆస్పత్రికి వెళ్లేరోజు తోడొచ్చే మనిషి కావాలి, అంతే. ప్రస్తుతానికి ఆ తోడు నేనున్నాను. ఆ కారణం చెప్పుకుని స్థలం కొనకు.

తిరిగి వచ్చే తేదీకీ లెక్క ఉంది. అక్కడి సోషల్ సెక్యూరిటీ పింఛనుకు 40 క్రెడిట్లు, అంటే సుమారు పదేళ్ల పని కావాలి. మన దేశంతో వాళ్లకు ఈ విషయంలో ఒప్పందం లేదు గనక ఇక్కడి సర్వీసు కలవదు. తొమ్మిదేళ్లు కట్టి వచ్చేసేవాడు ఒక్కసారి ఆలోచించాలి. 401కే రిటైర్మెంటు పొదుపు డబ్బు వయసు రాకముందే తీస్తే పన్ను కాక పది శాతం జరిమానా. చాలాకాలం బయట ఉండి వచ్చినవాళ్లకు ఇక్కడ మొదటి రెండు మూడేళ్లు విదేశీ ఆదాయం మీద పన్ను వెసులుబాటు దొరుకుతుంది. తేదీ ఖాయం చేసేముందు ఆడిటరును కలువు.

నా సలహా ఇది. ఈ ఏడాది అక్కడా కొనకు, ఇక్కడా కొనకు. నువ్వూ అమ్మాయీ కూర్చుని ఎక్కడ బతకాలో తేల్చుకోండి. ఉండిపోవాలనుకుంటే నిశ్చింతగా ఉండండి, ఊరిని వదిలేశారని నేనెవ్వరినీ అననివ్వను. రావాలనుకుంటే వచ్చి మొదటి ఏడాది అద్దెకుండి, పని, బడి, ఇల్లు కుదిరాక కొనండి. నేను చూసినంతలో చల్లగా ఉన్నవాళ్లు ఇలా చేసినవాళ్లే.

జవాబులో మూడు రాసి పంపు: అక్కడ ఎన్నేళ్లుంటారు, ఇక్కడికొస్తే ఏ ఊళ్లో ఏ పని, అప్పటికి పాప ఏ తరగతి. అవి తేలాక స్థలం కాగితాలు పంపితే నేను కళ్లద్దాలు పెట్టుకుని ఒక్కో అక్షరం చదివి చెబుతాను.

ఇట్లు,
నీ మామయ్య