గండికోట గుడారం, మాండవి ఓడ

అక్కచెల్లెళ్ళూ, ఈసారి వంటలూ లేవు, వ్రతాలూ లేవు. నలుగురు ఆడవాళ్ళం, ఒక కారు, ఐదు రోజులు. తిరుపతిలో బయల్దేరి గండికోటలో గుడారంలో పడుకుని, గోవాలో కేసినో ఓడ ఎక్కి వచ్చినాం. “ఈ వయసులో యాడికే?” అని పక్కింటావిడ అడిగింది. మన గంగజాతరలో మగాళ్ళు చీరలు కట్టి వీధిలో నోటికొచ్చినట్లు తిడితే అది మొక్కు. మనం మొగుళ్ళు లేకుండా కారెక్కితే ఊరికి వింత.

జట్టులో నేను, బ్యాంకులో పనిచేసే ఒకామె, పీలేరు టీచరమ్మ, మేమందరం అక్కా అని పిలిచే చిత్తూరామె. డిక్కీ నిండా నిప్పట్లు, చిత్రాన్నం, ఊరిబిండి. గోవాలో తిండి దొరకదా అంటే, దొరుకుతుంది, కానీ దారిలో ఊరిబిండి లేకుంటే అక్కకు కారు కదలదు.

రాజంపేట, కడప, జమ్మలమడుగు మీదుగా రెండువందల కిలోమీటర్లు దాటితే గండికోట. పెన్నమ్మ ఎర్రమల కొండల్ని నిలువునా కోసుకుంటూ పోయిన ఆ గండి వల్లనే ఊరికి ఆ పేరు. పెమ్మసాని నాయకులు ఏలిన కోట. లోపల మాధవరాయుడి గుడి, జామియా మసీదు, ధాన్యం కొట్టు చూసేసరికి పొద్దుగూకింది. ఒక మాట చెబుతా వినండి: లోయ అంచున చాలాచోట్ల అడ్డుకట్ట లేదు. చీకటి పడకముందే గుడారం దగ్గరికి చేరుకోండి. బాత్రూం ఎంత దూరమో ముందే అడగండి, సిగ్గుపడొద్దు. సంక్రాంతి దాటాక పోయినాం గనక చలి, గాలి. ఎండాకాలం అయితే ఆ రాళ్ళ మీద అట్లు పోసుకోవచ్చు.

గుడారం బయట దుప్పట్లు కప్పుకుని కూర్చుంటే ఫోన్లకు సిగ్నల్ సరిగా లేదు. అది మంచికే అయింది. ఇరవయ్యేళ్ళ స్నేహంలో అక్క నోటి వెంట వాళ్ళ నాన్న మాట ఆ రాత్రే మొదటిసారి విన్నాం. చిత్తూరు దగ్గర వాళ్ళకు మూడు కయ్యలు, ఒక బావి ఉండేవంట. ఆయనకు పేకాట. లోనా బయటా ఆడి, ఆడి, ఒక్కో కయ్యా పోయింది. “పోయింది నాన్న చేతిలో. ఊరంతా అన్నది మాత్రం అమ్మను. మొగుణ్ణి పట్టుకోలేని ఆడది అని.” అంతే చెప్పి నిప్పటి విరిచి నోట్లో వేసుకుంది. మేమెవరం మాట్లాడలేదు.

నాకేమో తిరుమల హథీరాం బావాజీ గుర్తొచ్చినాడు. మన స్వామే రాత్రిళ్ళు గుడి దాటి వచ్చి బావాజీతో పాచికలు ఆడేవాడని కథ కదా. ఆట ముగిసినాక నగ అక్కడే వదిలేసి పోయింది స్వామి. తెల్లారితే దొంగ అన్నది బావాజీని! గదినిండా చెరుకు పెట్టి, రాత్రికి రాత్రి తిని తీరాలన్నారు. ఏనుగు వచ్చి తినిపోబట్టి బతికినాడు. తమాషా ఏమంటే, 1843 నుంచి 1933 దాకా కొండ మీద గుడి పెత్తనం ఆ బావాజీ పేరిట ఉన్న మఠం మహంతుల చేతిలోనే ఉండింది. అక్కకు చెబితే, “బావాజీకి ఏనుగన్నా వచ్చింది, మా అమ్మకు ఎవరూ రాలేదు” అనింది.

తరవాతి రెండు రోజులు రోడ్డే. తాడిపత్రి, గుత్తి, గుంతకల్లు, బళ్ళారి, హోస్పేట, గదగ, హుబ్బళ్ళి. బళ్ళారి దాకా టీ కొట్టులో తెలుగే.

పణజిలో మాండవి నది మీద రంగురంగుల దీపాలతో ఓడలు నిలబడి ఉంటాయి. చిన్న పడవలో తీసుకుపోతారు. 1976 నాటి గోవా జూద చట్టాన్ని 1992లో సవరించి పెద్ద హోటళ్ళలో యంత్రాలకు, 1996లో నీళ్ళ మీది ఓడలకు దారి ఇచ్చినారు. ఇరవై ఒకటి నిండాలి. ఇంకో విడ్డూరం, 2020 నుంచి గోవా వాళ్ళకే ఆ బల్లల దగ్గరికి ప్రవేశం లేదు. వండినోళ్ళు తినకుండా చుట్టాలకు పెట్టే కూర అన్నమాట.

లోపల పొద్దు తెలియదు, పక్కనున్న మనిషి మాట వినబడదు. డబ్బు కట్టి బిళ్ళలు తీసుకోవాలి. రూలెట్ చక్రం దగ్గర బ్యాంకామె నా చెవిలో అరిచి లెక్క చెప్పింది. ఒకే సున్నా ఉన్న చక్రంలో గడులు 37. ఒక అంకె మీద నూరు పెట్టి గెలిస్తే 3,500 లాభం ఇస్తారు. న్యాయంగా అయితే 3,600 రావాలి. ఆ తేడాతోనే సగటున నూటికి రెండు రూపాయల డెబ్భై పైసలు ఓడకు మిగులుతుంది. “మన చీటీల్లో కమీషన్ మాదిరి” అనింది. ఇంత చెప్పి తనే ఎర్ర మీద పెట్టి పోగొట్టుకుంది!

నాకు రెండువేలు పోయినాయి. బాధపడతాననుకున్నా. నిజం చెప్పాలంటే కడుపులో చల్లగా అనిపించింది. పెళ్ళయినప్పట్నుంచి పాల దుడ్డు, ఫీజు దుడ్డు, పైసా పైసా డైరీలో రాసిన దాన్ని. ఎవరికీ లెక్క చెప్పకుండా పారేసుకున్న మొదటి దుడ్డు అదే. తప్పంటే తప్పనుకోండి. మూడో వెయ్యికి చెయ్యి పోతుంటే టీచరమ్మ నా సంచి లాక్కుంది, అదీ చెప్పాలి కదా.

అక్క ఆడలేదు. ఓడ పైఅంతస్తులో గాలికి నిలబడి చిత్తూరుకు ఫోన్ చేసింది, వాళ్ళమ్మకు. స్పీకర్ పెట్టింది. పెద్దావిడకు డెబ్భై ఆరేళ్ళు. ఓడ, జూదం అని వింటే ఏడుస్తుందేమోనని నాకు భయం.

“ఆడితివా మే?” అనింది ఆవిడ.

“లేదమ్మా.”

కాసేపు ఏమీ వినబడలేదు. తరవాత, “నా పేరు మీద ఒక బిళ్ళ పెట్టు” అనింది.

అక్క కిందికి దిగొచ్చి ఎర్ర మీద పెట్టింది. నల్ల పడింది. మళ్ళీ పైకెక్కి ఫోన్ చేసి చెబితే, “పోతే పోనీ మే, నా దుడ్డే కదా! ఊరికొస్తానే నువ్విచ్చిన బిళ్ళ లెక్క నా పింఛనులోంచి తీసుకో” అని పెట్టేసింది.