ఆఫ్రికాలో మృగయా వ్యాపారము

మన పూర్వులు సప్తవ్యసనములను లెక్కించినప్పుడు జూదముతోడను, మద్యపానముతోడను వేటను గూడ చేర్చిరి. వేట రాజులకు వినోదమనియు, వ్యాయామమనియు కావ్యములు వర్ణించుచున్నను, నీతిశాస్త్రములు దానిని హెచ్చరికతోనే పేర్కొనినవి. నేడు రాజులు పోయిరి గాని వేట పోలేదు. ఆఫ్రికా ఖండమున అది యొక వ్యాపారమై, ధరల పట్టికలతోను, అనుమతిపత్రములతోను సాగుచున్నది. దానినే ‘ట్రోఫీ వేట’ యందురు. ఈ వేటవలన వన్యమృగములకు మేలు కలుగుచున్నదని కొందరును, కీడే కలుగుచున్నదని కొందరును చిరకాలముగా వాదించుచున్నారు. ఇరుపక్షముల మాటలను విచారించి, వివాదమునకు మూలమేదియో విద్యార్థులును, వారి తలిదండ్రులును తెలిసికొనుటకై ఈ పాఠమును వ్రాయుచున్నాము.

ట్రోఫీ వేట యనగా నేమి?

ఆకలి తీర్చుకొనుటకు చేయు వేట వేరు. పంటను కాపాడుకొనుటకు చేయు వేట వేరు. దంతములకై దొంగచాటుగా చేయు వేట వేరు. ట్రోఫీ వేటలో వేటగాడు ధనము చెల్లించి, ప్రభుత్వానుమతితో మృగమును చంపి, దాని తలనో, చర్మమునో, కొమ్ములనో జ్ఞాపకచిహ్నముగా తన యింటికి గొనిపోవును.

ఇది జరుగు క్రమము తెలిసికొనదగినది. మొదట ప్రభుత్వము ఏ ప్రాంతమున ఏ జాతి మృగములను ఎన్నింటిని చంపవచ్చునో నిర్ణయించును. ఆ సంఖ్యకు ‘కోటా’ యని పేరు. తరువాత ఆ ప్రాంతము వేట కంపెనీకి గుత్తకు ఇయ్యబడును. కంపెనీ విదేశములనుండి ధనికులను రప్పించి, దినమున కింత యనియు, మృగమున కింత యనియు రుసుము తీసికొనును. అనుమతి పొందిన వృత్తి వేటగాడొకడు వెంట నుండవలెను. వేట ముగిసిన పిమ్మట, అరుదైన జాతుల చర్మములను, కొమ్ములను దేశము దాటించుటకు ‘సైటీస్’ అను అంతర్జాతీయ ఒప్పందము ననుసరించి పత్రములు పొందవలెను. ఈ యొప్పందము 1973లో వాషింగ్టను నగరమున కుదిరి 1975లో అమలులోనికి వచ్చినది.

ఈ విధముగా ఒక మృగము చావునకు అనేక కాగితములు కావలెను. ప్రతి కాగితము వెనుకను ఒక యధికారియు, అతని సంతకమును ఉండును. ఇది జ్ఞాపకముంచుకొనవలసిన సంగతి. ముందు చెప్పబోవు వృత్తాంతములలో పెక్కు ఈ సంతకముల వృత్తాంతములే.

మేలు జరిగిన చోట్లు

పందొమ్మిదవ శతాబ్దాంతమునకు దక్షిణాఫ్రికాలో తెల్ల ఖడ్గమృగములు నూరింటికి లోపుగా మాత్రమే మిగిలినవి. వాటిని రక్షితారణ్యములలో కాపాడగా క్రమముగా సంఖ్య పెరిగినది. 1960 తరువాతి సంవత్సరములలో అధికారులు వాటిని పట్టి యితర ప్రాంతములకు తరలించిరి. 1968లో పరిమితముగా వేటకు అనుమతి లభించినది. అంతట పలువురు భూస్వాములు పశువులకు బదులుగా ఖడ్గమృగములను పెంచుట లాభకరమని గ్రహించిరి. 2010 నాటికి వాటి సంఖ్య సుమారు ఇరువదివేలకు చేరినది. అయితే మొదట రక్షణ, తరువాతనే వేట యని మరువరాదు. వేట యొక్కటే వాటిని బ్రతికించినదనుట సరికాదు; వేటవలన నశించినవనుటయు సరికాదు.

నమీబియా దేశమున 1996లో ఒక చట్టము వచ్చెను. దాని ప్రకారము గ్రామస్థులు సంఘముగా ఏర్పడి, హద్దులు గుర్తించి, సభ్యుల పట్టిక తయారుచేసినచో, తమ ప్రాంతములోని మృగములవలన వచ్చు ఆదాయమును తామే పొందవచ్చును. ఇట్టి సంఘములు నేడు ఎనుబదికి పైగా గలవు. విహారయాత్రికుల వలనను, వేటగాండ్ర వలనను వచ్చు సొమ్ముతో అవి కాపలాదారులకు జీతము లిచ్చుచున్నవి. 1995లో దాదాపు 7,500గా నున్న ఆ దేశపు ఏనుగులు ఇటీవలి లెక్కలలో ఇరువదివేలు దాటినవి.

ఇక వేటను పూర్తిగా మాన్పిన దేశమును జూతము. కెన్యా 1977లో వేటను నిషేధించెను. అయినను 1977కును 2016కును నడుమ ఆ దేశపు వన్యమృగములు సగటున నూటికి 68 వంతులు తగ్గినవని శాస్త్రజ్ఞులు లెక్కించిరి. జనము పెరుగుట, పశువులు పెరుగుట, కంచెలు వేయుట, దొంగవేట మొదలైనవి దీనికి కారణములు. కావున నిషేధమే సర్వరోగ నివారిణి యనుకొనుట పొరపాటు.

సంతకములు అమ్ముడుపోయిన చోట్లు

పైని చెప్పినది నాణెమున కొక వైపు. రెండవ వైపు చీకటిగా నున్నది.

ఖడ్గమృగపు కొమ్ముల అంతర్జాతీయ వ్యాపారము 1977 నుండి నిషిద్ధము. కాని వేటగాడు తాను చంపిన మృగపు కొమ్మును ట్రోఫీగా గొనిపోవచ్చును. ఈ సందులోనుండి కొమ్ముల వర్తకులు ప్రవేశించిరి. వియత్నాములో కొమ్ము పొడిని మందుగా వాడు అలవాటు ప్రబలినందున దానికి మిక్కిలి ధర పలికెను. తుపాకి పట్టుట యెరుగనివారు సైతము వేటగాండ్రుగా పేర్లు వ్రాయించుకొని దక్షిణాఫ్రికాకు వచ్చిరి. ఒక థాయి దేశీయుడు ఆ దేశముననే యున్న థాయి స్త్రీలకు కూలి యిచ్చి, వారిని వేటగత్తెలుగా చూపి అనుమతిపత్రములు సంపాదించెను. ఆ స్త్రీలు ప్రక్కన నిలువగా మరియొకరు మృగమును కాల్చిరి. కొమ్ములు ట్రోఫీలను పేరుతో దేశము దాటెను. 2012లో న్యాయస్థానము అతనికి నలువది సంవత్సరముల శిక్ష విధించెను. అది అప్పీలులలో ముప్పదికి, పిదప 2014లో పదమూడు సంవత్సరములకు తగ్గినది. సహనిందితులపై ఆరోపణలు ఉపసంహరింపబడెను. 2012లోనే దక్షిణాఫ్రికా ప్రభుత్వము వియత్నాము దేశీయులకు వేట యనుమతుల నిచ్చుట నిలిపివేసెను. అంతటితో దొంగవేట ఆగలేదు. 2007లో ఆ దేశమున దొంగలు చంపిన ఖడ్గమృగములు 13, 2014లో 1,215.

జాంబియా దేశమున గుత్తల వ్యవహారమే చెడినది. వేట ప్రాంతములను కంపెనీలకు కేటాయించుటలో అవినీతి జరిగినదని ఆరోపణలు రాగా, 2013 జనవరిలో ప్రభుత్వము ఆ కేటాయింపులను నిలిపి, వన్యమృగశాఖలోని పై యధికారులను తొలగించి, ఆ ప్రాంతములలో వేటను ఆపివేసెను. ఒకటి రెండు సంవత్సరముల పిమ్మట వేట మరల మొదలైనది.

జింబాబ్వేలో జరిగిన సెసిలు అను సింహము వృత్తాంతము లోకమంతట ప్రసిద్ధికెక్కినది. హ్వాంగే జాతీయవనములో నివసించు ఈ సింహము మెడకు ఆక్సుఫర్డు విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక పట్టీ కట్టి దాని సంచారమును గమనించుచుండిరి. 2015 జూలైలో అది వనపు సరిహద్దు దాటగా, సుమారు యాబదివేల డాలర్లు చెల్లించినట్లు చెప్పబడిన ఒక అమెరికా దంతవైద్యుడు దానిని బాణముతో కొట్టెను. గాయపడిన సింహము కొన్ని గంటల పిదప చంపబడినది. ఆ ప్రాంతమునకు సింహపు కోటాయే లేదని అధికారులు మొదట ప్రకటించిరి. వేటగానిని తమకు అప్పగింపవలెనని మంత్రి కోరెను. అక్టోబరులో ఆ ప్రభుత్వమే అతని కాగితములన్నియు సక్రమముగా నున్నవని చెప్పెను. వెంటనున్న వృత్తి వేటగానిపై మోపిన నేరమును న్యాయస్థానము 2016లో కొట్టివేసెను. జూలైలో తప్పైనది అక్టోబరునాటికి ఒప్పెట్లయ్యెనో సామాన్యునకు తెలియుట కష్టము. సింహపు చావుకంటె ఈ సందేహమే యెక్కువ విచారింపదగినది.

సింహము వయస్సు మాట

సింహముల విషయమున మరియొక సూక్ష్మమున్నది. సింహముల గుంపును కాపాడు మగసింహము చనిపోయినచో, క్రొత్తగా వచ్చు మగది తరచుగా పాతదాని పిల్లలను చంపివేయును. కావున ఒక పడుచు సింహమును కాల్చినవాడు ఒక్క ప్రాణమును కాక, పెక్కు ప్రాణములను తీసినవాడగును. అయిదారు సంవత్సరములు దాటిన ముదుసలి సింహములను మాత్రమే వేటాడినచో గుంపులకు అంతగా హాని కలుగదని క్రెయిగ్ ప్యాకరు మొదలగు శాస్త్రజ్ఞులు 2004లో చూపిరి. టాంజానియా ఆరేండ్ల నియమమును అంగీకరించినది. నియమము మంచిదే, కాని చచ్చిన సింహము వయస్సును సరిగా పరీక్షించి, తప్పు చేసినవానిని దండించువాడు ఉండవలెను గదా! సెరెంగెటి మైదానమున దశాబ్దములు సింహములను పరిశీలించిన ప్యాకరు వేట వ్యవహారములలోని అవినీతిని విమర్శించిన పిమ్మట, ఆయనకు ఆ దేశమున ప్రవేశము నిరాకరింపబడెను.

దక్షిణాఫ్రికాలో ఇంతకంటె హీనమైన పద్ధతి ప్రబలినది. అచట సింహములను కోళ్లవలె పెంచి, కంచెలో విడిచి, పారిపోవుటకు దారి లేని వాటిని వేటపేరిట కాల్పించిరి. 1997లో ఒక బ్రిటిషు టెలివిజను కార్యక్రమము దీనిని బయటపెట్టెను. 2021లో ఆ దేశపు పర్యావరణ మంత్రి ఈ పెంపకమునకు స్వస్తి చెప్పుదుమని ప్రకటించెను. అమలుపరచుట మాత్రము ప్రకటించినంత సులభము కాలేదు.

గ్రామస్థుని మాట

పట్టణములలో నుండి సింహమును బొమ్మలో చూచువారికి అది అందమైన మృగము. దాని పొరుగున నివసించువానికి అది ఆవును తినునది, ఒక్కొక్కప్పుడు బిడ్డను గొనిపోవునది. మన హోసూరు, డెంకణికోట ప్రాంతముల రైతులకు ఈ సంగతి వివరింపనక్కరలేదు. ఒక్క రాత్రి ఏనుగుల మంద రాగిచేనిలో దిగినచో ఏమి మిగులునో వారెరుగుదురు.

జింబాబ్వే 1989లో ‘క్యాంప్‌ఫైరు’ అను పథకమును ప్రారంభించినది. వేటసొమ్ములో గణ్యమైన భాగము మృగములతో కలిసి బ్రదుకు గ్రామములకు చేరవలెనని దాని యుద్దేశము. తొలినాళ్లలో పెక్కు గ్రామములు లాభపడినవి. క్రమముగా జిల్లా మండలులు సొమ్మును తమ ఖర్చులకే నిలుపుకొనసాగినవి. సొమ్ము రానిచో గ్రామస్థుడు ఏనుగునేల కాపాడును?

సుమారు 1,30,000 ఏనుగులున్న బోట్సువానా 2014లో వేటను ఆపి, పంటనష్టమును గూర్చి గ్రామస్థులు మొరపెట్టగా 2019లో మరల అనుమతించినది. జర్మనీ దేశమున ట్రోఫీల దిగుమతిని కట్టడి చేయు ఆలోచన జరుగుచుండగా, 2024లో అప్పటి బోట్సువానా అధ్యక్షుడు మసీసి, ఇరువది వేల ఏనుగులను మీకు పంపెదము, వాటితో కలిసి కాపురము చేయుడని పరిహాసముగా పలికెను. పరిహాసమే యైనను అందులో నిజమున్నది. దూరమున నుండి దయ చూపుట సులభము. దగ్గరనుండి నష్టమును భరించుట కష్టము.

మా యభిప్రాయము

మన దేశము 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టముతో వినోదపు వేటకు స్వస్తి చెప్పినది. ఆ నిర్ణయము మనకు సమ్మతమే. వినోదమునకై ప్రాణము తీయుట ఉత్తమ సంస్కారము కాదని మేము నమ్ముచున్నాము. అయినను ఆఫ్రికా గ్రామస్థునకు వేరొక జీవనాధారము చూపకయే అతనికి నీతులు చెప్పు హక్కు మనకు లేదు.

పైని చెప్పిన సంగతులనుండి తేలునదేమనగా, వేట ఉన్నదా లేదా యనునది మొదటి ప్రశ్న కాదు. కోటాను ఎవరు లెక్కించిరి? గుత్త బహిరంగముగా వేలము వేయబడెనా, మూసిన తలుపుల వెనుక ఇయ్యబడెనా? వచ్చిన సొమ్మెంత? అందులో ఊరికి చేరినదెంత? ఈ నాలుగు ప్రశ్నలకు ఊరి వారందరు చదువగల సమాధానములున్న చోట మృగములు పెరుగుటకు అవకాశము గలదు. సమాధానములు దాచబడిన చోట వేట పేర దొంగతనము సాగును. మృగమును నశించును, ఊరును నష్టపోవును. లెక్క దాచినవాడే మొదటి వేటగాడు.

ఇందు మనకు నొక పాఠమున్నది. అడవి లెక్కయైనను, ఊరి చెరువు లెక్కయైనను, సంఘపు చందాల లెక్కయైనను, తనకు తెలిసిన భాషలో చదివి ప్రశ్నింపగలవాడే దానిని కాపాడగలడు. మాతృభాషలో చదువు నేర్చుటకు ఇదియు నొక ప్రయోజనము. విద్యార్థులు లెక్కలు చదువుట పరీక్షకొరకే యని తలపరాదు.

ఆలోచింపవలసిన ప్రశ్నలు

1. కోటా యనగా నేమి? మృగములను సరిగా లెక్కింపక కోటా నిర్ణయించినచో కలుగు నష్టమేది?

2. పడుచు మగసింహమును చంపుటకును, ముదుసలి సింహమును చంపుటకును గల భేదమును వివరింపుడు.

3. కెన్యా, నమీబియా దేశముల యనుభవములను పోల్చి, నిషేధముయొక్క శక్తిని, పరిమితిని తెలుపుడు.

4. మీ యింటి పెద్దలనడిగి, మీ ప్రాంతమున పూర్వముండి నేడు కానరాని యొక మృగమును గూర్చియో, పక్షిని గూర్చియో పది పంక్తులు వ్రాయుడు. అది యెందువలన పోయినదో కూడ తెలిసికొని వ్రాయుడు.