పడ్డాక మళ్లీ గుర్రం ఎక్కాలంటే



మన హిమాయత్‌నగర్ బ్రాంచి పిల్లల్లో కొందరు ఆదివారం పొద్దున్నే నగర శివార్లలోని రైడింగ్ స్కూళ్లకు వెళ్తున్నారు. ఎక్కడం, దిగడం, ట్రాట్ వచ్చాక చిన్న చిన్న కర్రల మీదుగా గుర్రాన్ని దూకించడం నేర్పుతారు. ఒక రోజు గుర్రం కర్ర ముందు ఠక్కున ఆగిపోతుంది. మీ అమ్మాయి ఇసుకలో పడుతుంది. దెబ్బ చిన్నదే కావచ్చు. కానీ వచ్చే ఆదివారం పొద్దున కడుపునొప్పి అంటుంది. "ఇంత ఫీజు కట్టింది ఇందుకేనా?" అనే మాట మన నోటిదాకా వస్తుంది. దయచేసి ఆ మాట అనకండి. ఆ భయం పిరికితనం కాదు, బద్ధకమూ కాదు.

ముందు డాక్టరు, తర్వాతే జీను

"పడితే వెంటనే మళ్లీ ఎక్కాలి" అని పెద్దలు అంటారు. అన్నిసార్లూ అది సరికాదు. తలకు దెబ్బ తగిలితే, తలనొప్పి, వాంతి, మగత కనిపిస్తే ఆ రోజు ఎక్కించకండి, వెంటనే డాక్టరుకు చూపించండి. దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగానే కనిపించినా మార్చాల్సిందే.

భయం గుర్రాన్ని ఎలా ఆపుతుంది?

భయపడిన పిల్లలు ఊపిరి బిగబడతారు, కర్ర వైపే చూస్తూ ముందుకు వంగుతారు, కళ్లెం లాగుతారు. కాళ్లు "వెళ్లు" అంటాయి, చేతులు "ఆగు" అంటాయి. గుర్రం కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి కాబట్టి ముట్టె ముందున్నది దానికి సరిగా కనబడదు. తల కదిపి దూరం నుంచే కర్రను అంచనా వేసుకోవాలి. కళ్లెం బిగిస్తే ఆ వీలు ఉండదు. అది ఆగిపోతుంది, పిల్లల భయం రెట్టింపవుతుంది. ఈ చక్రాన్ని ధైర్యవచనాలతో తెంచలేం. కర్రను కిందికి దించాలి.

మెట్టు మెట్టుగా

మొదట కర్రను నేల మీదే పెట్టి నడకలో దాటించాలి. తర్వాత మూడు నాలుగు కర్రలను సుమారు నాలుగున్నర అడుగుల దూరంలో పరిచి ట్రాట్‌లో దాటించాలి. పొట్టి గుర్రమైతే కోచ్ ఆ దూరాన్ని తగ్గిస్తారు. ఇది అలవాటయ్యాక రెండు కర్రలను అడ్డంగా ఇంటూ ఆకారంలో, మధ్యలో అడుగు ఎత్తుకు మించకుండా పెట్టాలి. చూపు కర్ర మీద కాక, దాని అవతల చెట్టు మీదో గేటు మీదో ఉండాలి. ఒక చేత్తో జూలు పట్టుకుంటే కళ్లెం లాగడం తగ్గుతుంది. దూకేముందు గట్టిగా అంకెలు లెక్కపెడితే ఊపిరి ఆగదు. అనుభవం ఉన్న, నెమ్మదైన గుర్రాన్నే ఇవ్వమని కోచ్‌ని అడగండి.

ధైర్యం గుర్రాలకూ ఒక్కరోజులో రాదు.  పోలీసు గుర్రాలకు జనాన్నీ చప్పుళ్లనూ కొద్దికొద్దిగానే అలవాటు చేస్తారు.

కర్ర పడినా ఆట ఆగదు

బెంగళూరుకు చెందిన ఫవాద్ మీర్జా 2018 ఆసియా క్రీడల్లో ఈవెంటింగ్‌లో వ్యక్తిగత రజతం గెలిచారు. 1982 తర్వాత గుర్రపు స్వారీలో మనకు వచ్చిన తొలి వ్యక్తిగత పతకం అదే. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో ఆయన జంపింగ్ తొలి రౌండులో 8 పెనాల్టీ పాయింట్లు పడ్డాయి. ఒక్కో కర్ర పడితే 4 పాయింట్లు. అయినా ఫైనల్ చేరి 23వ స్థానంలో నిలిచారు. ఈ సంగతి మీ పిల్లలకు చెప్పండి.

మీరు చేయవలసినవి

1. "ఎంత ఎత్తు దూకావు?" అని కాక, "ఈరోజు ఏది హాయిగా అనిపించింది?" అని అడగండి.
2. కర్ర ఎత్తు పెంచమని పిల్లలే అడగాలి. మీరు కంచె బయటి నుంచి సూచనలు ఇవ్వకండి.
3. బాగా వచ్చిన దూకుడుతోనే ఆ రోజు క్లాసు ముగించమని కోచ్‌కి చెప్పండి.
4. పక్కింటి పిల్లలతో, అన్నాదమ్ములతో పోల్చకండి.

కొన్ని వారాలు నేల మీది కర్రలతోనే గడిస్తే ఫీజు వృథా అయిందనుకోకండి. భయం వేసినప్పుడు ఒక మెట్టు దిగి, మళ్లీ తన కాళ్ల మీద తానే ఎక్కడం మీ అమ్మాయి నేర్చుకుంటోంది. రేపు లెక్కల పరీక్ష ముందు కూడా అదే పనికొస్తుంది. అన్నీ చేశాక కూడా తను "వద్దు" అంటే, గుర్రానికి మేత పెట్టి, మాలిష్ చేసి వచ్చినా చాలు. ఇష్టం మిగిలితే ధైర్యం తిరిగి వస్తుంది.